కంబాట్ మిషన్ నార్మండీ: నా 105లు నా వాళ్ళ నెత్తినే పడుతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నా?

బొకాజ్ బాధితుడు
అన్నలూ హెల్ప్ కావాలి. కంబాట్ మిషన్ బ్యాటిల్ ఫర్ నార్మండీ ఈ మధ్యే కొన్నా, 2011 నాటి రెండో ప్రపంచ యుద్ధం ఆట అని తెలుసు, నవ్వకండి. ట్యాంకులూ ఇన్‌ఫాంట్రీ ఏదోలా నెట్టుకొస్తున్నా గానీ ఆర్టిలరీ దగ్గరకొచ్చేసరికి బుర్ర ఆగిపోతోంది. నిన్న రాత్రి పొలం అవతల గట్టు చాటున జర్మన్ మెషిన్‌గన్ ఒకటి దొరికింది, ప్లటూన్ లీడర్‌తో 105 బ్యాటరీకి (105 ఎంఎం ఫిరంగుల జట్టు) కాల్ కొట్టించా, వెయిటింగ్ పది నిమిషాల పైనే చూపించింది, సరేలే అని వాడిని వెనక్కి లాగేసి మిగతా వాళ్ళని మెల్లగా ముందుకి జరుపుతూ కూర్చున్నా. స్పాటింగ్ రౌండ్లు (ముందు గురి చూసుకోవడానికి వేసే గుండ్లు) ఎక్కడ పడ్డాయో కూడా కనపడలేదు, తర్వాత అసలు దెబ్బంతా నా రెండో స్క్వాడ్ మీదే. టర్న్ నొక్కేశాక 60 సెకన్లు చేతులు కట్టుకుని చూడటం తప్ప ఏం చేయగలం. తొమ్మిది మంది పోయారు, మెషిన్‌గన్ మాత్రం ఇంకా టకటకలాడుతోంది 😭

ఓపీ మాస్టారు
కాల్ కొట్టినోడిని వెనక్కి లాగేశావ్ చూడు తమ్ముడూ, అక్కడే అయిపోయింది. స్పాటింగ్ రౌండ్ ఎక్కడ పడిందో వాడి కళ్ళకి కనపడాలి, అప్పుడే దిద్దుతాడు, కనపడకపోతే దిద్దుబాటు ఉండదు, పడ్డచోటే పడుతుంది. వాడి మీద కాల్పులు జరిగి తల ఎత్తలేకపోయినా ఇదే కథ. ఇంకోటి, ఫార్వర్డ్ అబ్జర్వర్ టీమ్ (టార్గెట్ చూసి ఫిరంగులకి చెప్పేవాళ్ళు) ఉండగా ప్లటూన్ లీడర్‌తో ఎందుకు చెప్పించావ్? అబ్జర్వర్ అయితే టైమూ తగ్గుతుంది, గురీ బాగుంటుంది. ఆ టీమ్‌ని కొత్త అల్లుడిలా చూసుకోవాలి, మంచి మేడ మీదో గట్టు మూలనో కూర్చోబెట్టి తుపాకీ ముట్టుకోనివ్వకు.

టీఆర్పీలు ఇస్తే మాత్రం పండగే (సీరియల్ రేటింగ్ కాదు, టార్గెట్ రిఫరెన్స్ పాయింట్, అంటే ముందే గురి లెక్క కట్టి పెట్టుకున్న చోటు). దాని దగ్గర వేయడానికి స్పాటింగ్ రౌండ్లు అక్కర్లేదు, చూపు లేకపోయినా చెప్పొచ్చు, టైమ్ కూడా బాగా తగ్గిపోతుంది. శత్రువు ఇప్పుడున్నచోట పెట్టకు, నువ్వు తోస్తే వాడు ఎటు పారిపోతాడో అక్కడ పెట్టు. సెటప్‌లోనే ప్లాన్ చేస్తే 5, 10, 15 నిమిషాల ఆలస్యం కూడా పెట్టుకోవచ్చు, నేనైతే మొదటి గట్టుకి 10 పెట్టి నా వాళ్ళు ఈ చివరికి వచ్చేలా లెక్కేసుకుంటా. లెక్క తప్పిన రోజులూ ఉన్నాయిలే, అవి అడక్కు.

గట్టు కింద గోపి
మాస్టారు చెప్పింది కరెక్టే గానీ అసలు ఒక్క మెషిన్‌గన్‌కి 105 బ్యాటరీ ఏంటి బ్రో, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! ఆ షెల్ ఒక్కోటి 15 కిలోలు. కంపెనీకి 60 ఎంఎం మోర్టార్లు మ్యాప్ మీదే ఉంటాయి కదా, వాటికి టార్గెట్ నేరుగా కనపడేచోట పెట్టి కొట్టించు, కాల్ వెయిటింగే ఉండదు. గుండ్లు మోసే టీమ్‌ని పక్కనే ఉంచు, లేకపోతే రెండు మూడు టర్నుల్లో ఖాళీ. 105లు దాచుకో, ఊళ్ళోకి దూరేటప్పుడు కావాలి. నా వాళ్ళు 200 మీటర్ల లోపుంటే నేను 105 అసలు వాడను, చెట్ల కింద ఉంటే ఇంకా డేంజర్, షెల్ కొమ్మకి తగిలినా పైనే పేలి కిందోళ్ళని చంపుతుంది.

ఓపీ మాస్టారు
గోపీ, మోర్టార్ టీమ్ నేరుగా చూస్తే అవతలోడు కూడా దాన్ని చూస్తాడుగా 😄 కానీ ఒక్క గన్‌కి అయితే నీ మాటే రైటు.

గోల్కొండ కుర్రాడు
మా పెదనాన్న గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యి గన్నర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ ఆట చూపిస్తే ఆయన మొదట అడిగింది "ఓపీ ఎక్కడున్నాడ్రా" అనే (ఓపీ అంటే టార్గెట్‌ని చూస్తూ గురి దిద్దేవాడు). నిజంలోనూ అంతేనట, ఒక రౌండ్ టార్గెట్ దాటి, ఒకటి ఇవతల, మధ్య దూరాన్ని సగం సగం చేసుకుంటూ వచ్చి దగ్గరపడ్డాక మొత్తం బ్యాటరీని వదులుతారు. ఆటలో మనం ఎదురుచూసే నిమిషాలు సగం అవే.

కాల్ కొట్టేటప్పుడు పెట్టే సెట్టింగ్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. కందకంలో, ఓపెన్‌లో ఉన్న మనుషులకి పర్సనెల్ పెట్టు, గాల్లో పేలుతుంది. ఇళ్ళల్లో ఉంటే జనరల్. గాల్లో అంటే టైమ్ ఫ్యూజ్ (పెట్టిన టైమ్‌కి పేల్చేది) అన్నమాట, దగ్గరకొస్తే తనే పేలే ప్రాక్సిమిటీ ఫ్యూజ్‌ని నేల మీద యుద్ధంలో అమెరికా వాళ్ళు వాడింది 1944 డిసెంబర్‌లో, బల్జ్ యుద్ధం అప్పుడు. నార్మండీలో లేదు.

బొకాజ్ బాధితుడు
అప్‌డేట్. సేవ్ నుంచి మళ్ళీ ఆడా. అబ్జర్వర్‌ని గట్టు మూలన పెట్టా, మెషిన్‌గన్‌ని రెండు 60 మోర్టార్లు నాలుగో టర్న్‌కే నోరు మూయించాయి, గోపీ బ్రో థాంక్స్. 105లని వెనక రోడ్డు మీద టీఆర్పీకి పెట్టా, జర్మన్లు అటే పరిగెత్తారు 🔥 కాకపోతే సంతోషంలో సీజ్ ఫైర్ చెప్పడం మర్చిపోయి స్క్వాడ్‌ని రోడ్డెక్కించా. ఈసారి ముగ్గురే.