సమస్యాపూరణం: నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

నిర్వాహకుడు, కడప:

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం.

నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

కుస్తీ గోదాలో వీపు నేలకు తగిలినవాడు ఓడినట్టే లెక్క కనుక, ఈ పాదం వినగానే తలకిందులుగా తోస్తుంది. ఆ వైరుధ్యాన్ని క్రికెట్టుతో, అందులోనూ ఫీల్డింగుతో పరిహరించాలి. దక్షిణాఫ్రికా ఆటగాడు జాంటి రోడ్స్‌ను తలచుకుంటూ పూరించినవారికి మొదటి పీట వేస్తాను. పరుగుల పట్టికలో పెద్దగా కనబడకుండానే ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టిన ఆటగాళ్ళు అరుదు. వారిలో ఆయన నా మటుకు మొదటివాడు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి పద్యం చెప్పిన ప్రొద్దుటూరు మన జిల్లాలోనిదే కనుక, గణయతుల (పాదాల కొలత, అక్షరాల మైత్రి) విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. అన్యదేశ్యాలకు, అంటే పరభాషల మాటలకు, అభ్యంతరం లేదు. బంతిని కందుకమని, వికెట్లను త్రిదండమని రాసి మమ్మల్ని బెదిరించవద్దని మనవి.

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు:

అయ్యా, నా పూరణ ఇది.

ఇంజమాము మరల నేఁగులోపల జాంటి
బంతితోడ నెగిరి పైనఁ బడియె
మూఁడు కొయ్యలొకట మొదలంటఁ గూలఁగా
నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

1992 మార్చి 8న బ్రిస్బేన్‌లో జరిగిన ప్రపంచకప్పు ఆట సందర్భం. వాన వల్ల పాకిస్తాన్ లక్ష్యాన్ని 36 ఓవర్లలో 194 పరుగులకు మార్చారు. ఇంజమాముల్ హక్ 48 పరుగులతో ఆటను లాక్కుపోతున్న వేళ, బంతి ప్యాడుకు తగిలి పక్కకు దొర్లగా ఆయన పరుగుకు బయలుదేరాడు. అవతల ఉన్న ఇమ్రాన్ ఖాన్ వద్దని వెనక్కు పంపాడు. ఆ తిరుగు నడకలోనే జాంటి బంతి అందుకొని పరుగెత్తి, విసరకుండా, బంతి చేతిలో ఉండగానే గాలిలో అడ్డంగా లేచి వికెట్ల మీదికి దూకాడు. దక్షిణాఫ్రికా 20 పరుగుల తేడాతో గెలిచింది.

గండికోట, జమ్మలమడుగు:

పెన్నేటిగట్టు గారూ, గణాలు శుద్ధంగా ఉన్నాయి. మొదటి పాదంలో 'ఇం'కు 'మరలన్ ఏఁగు'లోని ఏకారంతో యతి చెల్లింది. నాకున్న అభ్యంతరం రెండవ పాదం మీద. సమస్యలో 'పడినవాఁడు' ముందే ఉన్నప్పుడు 'పైనఁ బడియె' అని మీరే తొందరపడి చెప్పేస్తే, నాలుగవ పాదం వచ్చేసరికి పాఠకుడికి కొత్తగా తెలిసేది ఏమీ మిగలదు. పూరణలో మెరుపంతా చివరి పాదానికి దాచుకోవాలి. 'బంతితోడ నెగిరి వాలె వడిగ' అంటే పునరుక్తి పోతుంది, బకార వకారాలకు యతిమైత్రి ఉన్నది కనుక పాదమూ చెడదు.

మూడవ పాదం మాత్రం మనసారా మెచ్చుకోదగ్గది. 'మొదలంటఁ గూలఁగా' అన్నచోట జాంటి గాలిలో ఉన్న ఆ ప్రసిద్ధ ఛాయాచిత్రం మొత్తం కనబడింది. బ్యాక్‌వర్డ్ పాయింటు (బ్యాటరుకు పక్కగా, కాస్త వెనుకగా ఉండే ఫీల్డింగు స్థానం) నుండి చూసేవాడికి మూడు కొయ్యలూ ఒకదాని వెనుక ఒకటిగా నిలిచి ఒక్క కొయ్యంత వెడల్పే గురి దొరుకుతుంది. విసిరితే తప్పిపోయే అవకాశం ఎక్కువ. అందుకే తానే బంతితో పాటు వెళ్ళాడు. అంతటి లెక్క రెప్పపాటులో వేసిన మనిషిని దూకుడుగాడని మాత్రమే చెప్పుకోవడం అన్యాయం.

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు:

సవరణ శిరోధార్యం. 'వాలె వడిగ' అనే ఉంచుతాను.

తుంగభద్ర, కర్నూలు:

బ్రిస్బేన్ రనౌటును అందరూ పద్యం చేస్తారని తెలుసు కనుక నేను మరో రోజును ఎన్నుకున్నాను. 1993 నవంబరు 14న హీరో కప్పులో, వెస్టిండీస్ మీద బ్రాబోర్న్ మైదానంలో జాంటి ఒక్కడే ఐదు క్యాచిలు పట్టాడు. వికెట్ కీపరు కానివాడు ఒక వన్డేలో అన్ని పట్టడం అప్పటికి రికార్డు. బ్రయాన్ లారా, ఫిల్ సిమ్మన్స్ ఇద్దరూ ఆ ఐదుగురిలో ఉన్నారు.

ఐదు బంతు లొడిసి యందుకొన్న దినాన
ముంబయిపుర జనము మురిసిపోయె
నింగిఁ జూచి యెగిరి నిలువెల్ల విల్లుగా
నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

గండికోట, జమ్మలమడుగు:

పద్యం నడక హాయిగా ఉంది. 'నిలువెల్ల విల్లుగా' అన్న మాటకు నా నమస్కారం. అయితే ఆ ఊరి పేరు 1993లో ఇంకా బొంబాయే. ముంబయిగా మారింది 1995లో. చరిత్ర చెప్పే పద్యంలో ఇది చిన్న తప్పు కాదు. 'బొంబయిపుర జనము పొంగిపోయె' అని మార్చండి. యతి కూడా బకార పకారాలకు చక్కగా కుదురుతుంది.

తుంగభద్ర, కర్నూలు:

మార్చాను. మురిసిపోవడం కన్నా పొంగిపోవడమే బాగుంది కూడా. మరో మాట. ఆ ఐదు క్యాచిల తర్వాత పది రోజులకు, నవంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవరులో 6 పరుగులు కావలసి ఉండగా టెండూల్కర్ బంతి అందుకొని మనవాళ్ళను గెలిపించాడు. అందువల్ల ఆ టోర్నీ అనగానే అందరికీ టెండూల్కర్ ఓవరే గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ప్రత్యర్థి జట్టులోని పాయింటు ఫీల్డరే ముందు గుర్తుకొస్తాడు. మనల్ని ఓడించడానికి వచ్చినవాడిని ఇంతగా ప్రేమించడం మన ప్రేక్షకులకే చెల్లింది. తర్వాత ఆయన ముంబయి ఇండియన్స్ జట్టుకు ఫీల్డింగు నేర్పాడు, తన కూతురికి ఇండియా అని పేరు పెట్టుకున్నాడు. కాబట్టి ఆ ప్రేమ ఒకవైపుది మాత్రం కాదు.

గడియారస్తంభం, అనంతపురం:

గురువుగారికి నమస్కారం. నేను పద్యవిద్యకు కొత్త, క్రికెట్టుకు పాత. జాంటి మంచి హాకీ ఆటగాడు కూడా. 1992 ఒలింపిక్స్ కోసం దక్షిణాఫ్రికా హాకీ జట్టుకు ఎంపికయ్యాడు, కాని ఆ జట్టు పోటీలకు అర్హత సాధించలేదు. ఆయన నేలకు అంత దగ్గరగా వంగి పరుగెత్తగలగడానికి ఆ ఆటే కారణమని నా నమ్మకం.

హాకి కర్ర పట్టి యలవాటుపడ్డ చేతులు
బంతి దాఁటఁబోదు, పట్టు విడదు
పరుగు పరుగు కడ్డు పాయింటు వాకిట
నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

నిర్వాహకుడు, కడప:

నాయనా, కొత్తవాడినన్నావు గాని మూడవ పాదం పాతవాళ్ళకే ఈర్ష్య పుట్టించేలా ఉంది. 'పాయింటు' అనే ఇంగ్లీషు మాట తగణమై, ఇంద్రగణం ఉండవలసిన చోటనే, యతిస్థానంలోనే వచ్చి కూర్చుంది. 'వాకిట' అన్న మాటతో ఆ స్థానానికి ఇంటి గడప మర్యాద వచ్చింది.

మొదటి పాదంలో గణభంగం ఉంది. హాకి, కర్ర, పట్టి మూడూ సూర్యగణాలు, సరిపోయాయి. వాటి మీద రావలసిన రెండు ఇంద్రగణాల్లో 'యలవాటు' సలం. ఆ తర్వాత 'పడ్డచే' వరకు రగణం సరిపోయింది, కాని 'తులు' అనే రెండు లఘువులు బయట మిగిలిపోయాయి. పైగా 'చేతులు బంతి దాఁటఁబోదు' అంటే అన్వయమూ కుదరదు. 'హాకి కర్ర పట్టి యలవడ్డ చేతుల' అని దిద్దుకుంటే సలం మీద భగణం వచ్చి పాదం నిలుస్తుంది, 'ఆ చేతులను బంతి దాటబోదు' అనే అర్థమూ తేటపడుతుంది. హకారానికి అచ్చుతో యతి ఉన్నది కనుక ఆ దిగులు వద్దు.

గడియారస్తంభం, అనంతపురం:

ధన్యవాదాలు గురువుగారూ. వేళ్ళ మీద లెక్క పెట్టాను గాని వేళ్ళు చాలలేదు.

గండికోట, జమ్మలమడుగు:

పద్యాలు బాగానే వస్తున్నాయి కాని అందరూ ఆయన పడటాన్నే కీర్తిస్తున్నారు, అక్కడే నాకు పేచీ. దూకడం చివరి అడుగు మాత్రమే. బౌలరు పరుగు మొదలుపెట్టగానే జాంటి కూడా ముందుకు నడుస్తాడు. బ్యాటు ఏ వైపు తిరుగుతున్నదో, బ్యాటరు బరువు ఏ కాలి మీద ఉన్నదో చూసి బంతి తగలకముందే ఆ దిక్కుకు ఒరుగుతాడు. అందువల్ల ఇతరులు దూకినా అందని బంతి ఆయనకు దూకితే అందేది, ఇతరులు దూకవలసిన బంతి ఆయనకు నిలబడే దొరికేది. ఆయన ఆపిన పరుగులు ఏ పట్టికలోనూ లేవు. 245 వన్డేల్లో పట్టిన 105 క్యాచిలు లెక్కకు వస్తాయి. ఆయన పాయింటులో ఉన్నాడని బ్యాటర్లు అసలు మొదలుపెట్టకుండా మానుకున్న పరుగులను ఎవరు లెక్కపెడతారు? ఆ మానుకున్న పరుగు మీద ఒక్కరూ పూరించలేదు.

ఆయనను కేవలం ఫీల్డరని చెప్పడమూ సరికాదు. 1993లో మొరటువా టెస్టులో శ్రీలంక మీద ఓటమి తప్పించిన 101 నాటౌటు ఆయనదే.

పాలకొండలు, కడప:

గండికోట గారు చెప్పినది శాస్త్రం. నేను అనుభవం చెబుతాను. మా చిన్నతనంలో ఫీల్డింగు అంటే శిక్ష. బ్యాటు, బంతి ఎవరివో వాళ్ళు ఆడేవారు; చేతకానివాణ్ణి, చిన్నవాణ్ణి ముళ్ళకంపల వైపు నిలబెట్టి బంతి తెమ్మనేవారు. జాంటి బొమ్మ పత్రికల్లో వచ్చాక కథ మారింది. పాయింటులో నేనంటే నేనని జట్టులో తగవులు మొదలయ్యాయి. బ్యాటింగు రాని పిల్లవాడికి కూడా ఆటలో గౌరవమైన చోటు ఒకటి దొరికింది. నా దృష్టిలో ఆయన చేసిన అసలు మేలు అదే, రనౌటు కాదు. అయితే బ్రిస్బేన్‌లో పచ్చిక ఉంది, మా గుట్ట కింద ఉన్నది గరుసు నేల. ఇప్పటి పిల్లలకు కడపలో రాజారెడ్డి పేరిట పచ్చటి మైదానం ఉంది గాని, మా మోచేతులకు ఆ భాగ్యం లేదు.

గుట్ట కింది బీటఁ గుప్పించి దుమికితి
జాంటివోలె నేను; చర్మ మూడె;
ఎవ్వఁ డనియె నకట యీ మాట నాతోడ
నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

నిర్వాహకుడు, కడప:

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. సమస్యను పరిహరించకుండా, ఎవడో అన్న మాటగా దానిని వాడి నెత్తినే పెట్టి ఎదురు ప్రశ్న వేయడం అవధానుల పాత ఎత్తుగడ. హాస్యానికి అది ఒప్పింది. పాదాలన్నీ నిర్దుష్టం. జకారానికి 'చర్మ'లోని చకారంతో యతి సహజంగా పడింది. గండికోట గారు ఏమంటారో!

గండికోట, జమ్మలమడుగు:

అనడానికి ఏముంది? 'బీడు'ను 'బీట' అని ఔపవిభక్తికంగా (విభక్తికి ముందు మాట చివర మారే పద్ధతిలో) ప్రయోగించిన చేతికి గాయమైనా నేరం లేదు.

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు:

జాంటి కన్నా ముందు మనకూ ఒకడు ఉన్నాడని గుర్తుచేయకపోతే మనసు ఒప్పదు. ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచిలు పట్టాడు, అదీ శిరస్త్రాణం లేని కాలంలో, బ్యాటుకు మూరెడు దూరంలో నిలబడి. 1971లో ఓవల్ టెస్టులో వెంకటరాఘవన్ బంతికి ఇంగ్లండు బ్యాటరు అలన్ నాట్‌ను ఆయన ముందుకు దూకి పట్టిన క్యాచి మనవారి తలపుల్లో ఇప్పటికీ ఉంది.

హెల్మెటైన లేక యెదురుగా నిలిచిన
సోల్కరెదుట బ్యాటు సొక్కిపోయె
ఓవలాట గెలుపు నొసఁగిన క్యాచిలో
నేలఁ బడినవాఁడె నెగ్గినాఁడు

తుంగభద్ర, కర్నూలు:

పెన్నేటిగట్టు గారూ, ఆ ఆటలో ఇంగ్లండును రెండవ ఇన్నింగ్సులో 101 పరుగులకు కూల్చింది చంద్రశేఖర్. 38 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. గెలుపునంతా ఒక్క క్యాచికి కట్టబెట్టడం అతిశయోక్తి కాదా?

పెన్నేటిగట్టు, ప్రొద్దుటూరు:

అతిశయోక్తి అలంకారమే కదా, దోషం కాదు. అయినా నాట్ నిలబడి ఉంటే ఆ 101 మరో 50 పెరిగేది. అప్పుడు చంద్రశేఖర్ గణాంకాలను మనం ఇంత ముచ్చటగా చెప్పుకొనే వాళ్ళం కాదు. సోల్కర్ సంగతి విషయానికి పక్కదని నిర్వాహకులు భావిస్తే తీసివేస్తాను.

నిర్వాహకుడు, కడప:

తీసివేయవద్దు. బ్యాటు చెంతనే నిలబడే ధైర్యం వేరు, పాయింటులో చిరుతలా కదిలే చురుకు వేరు. రెండూ ఒకే కళకు చెందినవి. పద్యాన్ని పక్కన ఉంచుకుందాం, మొదటి పీట మాత్రం జాంటిదే.

నా పూరణ కూడా మనవి చేస్తాను. 2003 ప్రపంచకప్పులో కెన్యా మీద ఆడుతూ క్యాచికి ప్రయత్నించి చేతి ఎముక విరగ్గొట్టుకొని ఆయన ఆటకు సెలవు చెప్పాడు. ఆయన ఎందుకు ఆట మానాడో అందరూ చెప్పుకోరు; ఏ బంతికోసం చేయి చాచాడో ఆ బంతే ఆయనను పంపించింది.

చేయి విరిగి యాట చివరాయె నైనను
కడప పిల్లలాటఁ గనుఁడు నేఁడు
దుమ్ము దులుపుకొనుచు దొరవోలె లేచెను
నేలఁ బడినవాఁడె, నెగ్గినాఁడు

గండికోట, జమ్మలమడుగు:

'లేచెను నేలఁ బడినవాఁడె' అని మూడవ పాదాన్ని నాలుగవ పాదంలోకి పొడిగించి, 'నెగ్గినాఁడు' అన్నదాన్ని వేరే వాక్యంగా విరవడం ముచ్చటైన పని. కాని చేయి విరిగినది జాంటికి, దుమ్ము దులుపుకున్నది కడప పిల్లవాడు. కర్త పద్యం మధ్యలో మారిపోయాడు. నెగ్గినది ఎవరు?

నిర్వాహకుడు, కడప:

ఇద్దరూ. అన్వయక్లేశం ఉన్నదని ఒప్పుకుంటాను గాని, దిద్దను.

ఈ వారానికి మొదటి పీట గడియారస్తంభం గారి 'పాయింటు వాకిట'కు, హాస్యానికి వేరే పీట పాలకొండలు గారికి. గండికోట గారు అడిగిన మానుకున్న పరుగు మీద పద్యం ఎవరైనా ఆలస్యంగా రాసినా చేర్చుకుంటాను.

వచ్చే వారం సమస్య: చేతఁ బట్టి విడిచి చిక్కె నతఁడు. ఇది కూడా ఆటవెలది నాలుగవ పాదమే, ఇది కూడా క్యాచి మీదే. 1999లో హెడింగ్లీలో స్టీవ్ వా క్యాచిని చేతికి అందుకొని, సంబరంలో జారవిడిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు గిబ్స్‌ను అందరూ ఎత్తుకుంటారు కనుక ఆయనకు ఈసారి సెలవు ఇచ్చి, మరెవరినైనా పట్టుకోండి.