అప్‌డేట్: సమీకరణాల మూడో మూలం (సాధన) కూడా దొరికింది

నాలుగు తెలియని రాశులున్న నాలుగు నాన్‌లీనియర్ సమీకరణాలకు న్యూటన్ పద్ధతి (ఒక ఊహతో మొదలుపెట్టి అంచెలంచెలుగా మూలం వైపు జరిగే పద్ధతి) ఒక్కో ప్రారంభ విలువతో ఒక్కో చోటికి పోతోందని అడిగాను కదా, పని అయింది. మీరు చెప్పినట్టే శేషాల (ఒక్కో సమీకరణం సున్నాకు ఎంత తేడాలో ఉందో ఆ విలువల) వర్గాల మొత్తం తీసుకుని, ప్రతి రాశికీ హద్దులు పెట్టి డిఫరెన్షియల్ ఎవల్యూషన్ (యాదృచ్ఛిక బిందువుల గుంపుతో కనిష్ఠ విలువ వెతికే పద్ధతి) నడిపితే మొదట్లో ఆ మొత్తం సున్నాకు రాకుండా 0.3 దగ్గరే ఆగిపోయేది. అసలు తప్పు స్కేలింగ్‌లో ఉంది: ఒక సమీకరణం విలువలు లక్షల్లో, మిగతావి ఒకటి లోపు, దాంతో వెతుకులాటంతా ఆ ఒక్కదాని చుట్టూనే తిరిగింది. అది సరిచేశాక రెండు మూలాలు దొరికాయి, న్యూటన్‌తో మెరుగుపరిచాను. అయినా ఇంకేమైనా మిగిలాయేమోనన్న టెన్షన్ పోలేదు, ఎందుకంటే యాదృచ్ఛిక వెతుకులాట ఎన్నిసార్లు నడిపినా "ఇక లేవు" అని తేల్చలేదు. అందుకే ఇంటర్వల్ న్యూటన్ నడిపాను, అంటే ఒక్కో బిందువును కాకుండా, ప్రతి రాశికీ ఒక వ్యాప్తి ఇచ్చిన మొత్తం ప్రాంతాన్ని (పెట్టెను) ఒకేసారి పరీక్షించే పద్ధతి. మూలం లేని పెట్టెలను అది రుజువుతో కొట్టేస్తుంది, తేలనివాటిని చీల్చి మళ్లీ చూస్తుంది. చాలా నెమ్మది, కానీ మూడోది అలానే బయటపడింది! ఆ హద్దుల్లో ఇక వేరే మూలాలు లేవు.