నాలుక క్యాన్సర్: మళ్ళీ వస్తుందో రాదో జీన్ టెస్ట్ చెప్పగలదా?

ప్రశ్న (నిద్రపట్టనివాడు):
నాన్నకి నాలుక పక్కన క్యాన్సర్, ఆపరేషన్ అయి మూడు వారాలైంది. రిపోర్టులో లోతు 7 మి.మీ., మెడ గ్రంథుల్లో ఏమీ లేదు, అంచులు క్లియర్, కింద పీ16 నెగెటివ్ అని రాశారు. నెట్‌లో చూస్తే పీ16 పాజిటివ్ వాళ్ళే బాగా కోలుకుంటారట, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇప్పుడేమో ఒక ల్యాబ్ వాళ్ళు వందల జీన్లు ఒకేసారి చూసి తిరగబెడుతుందో లేదో చెప్తామంటున్నారు. చేయించమంటారా?

స్లైడ్_మాస్టారు:
ముందు ఆ పీ16 గొడవ వదిలేయండి. మీరు చదివింది టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్ గురించి. అక్కడ చాలా కేసులకి హెచ్‌పీవీ వైరస్ కారణం, పీ16 దానికి ఆనవాలు, ఆ రకం గడ్డలు వైద్యానికి బాగా లొంగుతాయి. బయటికి చాపితే కనిపించే నాలుక, బుగ్గ, చిగుళ్ళ దగ్గర ఆ వైరస్ పాత్ర తక్కువ, ఎక్కువమందికి నెగెటివ్వే వస్తుంది. నిజానికి మీ దగ్గరున్న పెద్ద మార్కర్, అంటే జబ్బు ఎటు పోతుందో చెప్పే గుర్తు, ఆ 7 మి.మీ. లోతే. క్యాన్సర్ ఏ దశలో ఉందో లెక్కగట్టడానికి ఇప్పుడు వాడే ఏజేసీసీ ఎనిమిదో ఎడిషన్ స్టేజింగ్‌లో 5 దాటితే ఒక మెట్టు, 10 దాటితే ఇంకో మెట్టు.

పిపెట్ రాణి:
జీన్ల సంగతి నేను చెప్తా. 2015లో టీసీజీఏ అనే క్యాన్సర్ జీన్ల ప్రాజెక్ట్ వాళ్ళు 279 తల, మెడ క్యాన్సర్ గడ్డల జీన్లు చదివితే, హెచ్‌పీవీ లేనివాటిలో నూటికి ఎనభై పైగా టీపీ53 అనే, కణాలు అదుపు తప్పకుండా కాసే జీన్ చెడిపోయి ఉంది. ఇంతమందికి ఉన్నదాన్ని పట్టుకుని ఎవరికి తిరగబెడుతుందో ఎలా విడదీస్తాం చెప్పండి? ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్‌ని పూర్తిగా పాడుచేసే రకం మార్పు ఉన్నవాళ్ళు తక్కువకాలం బతికారని 2007లో 420 మందిని చూసిన స్టడీ ఒకటుంది, కానీ అది గుంపు లెక్క, మీ నాన్నగారి జాతకం కాదు. పైగా తెలిసినా చేసేదేముంది? నోట్లో తెల్లమచ్చలు ఉన్నవాళ్ళలో క్రోమోజోమ్ ముక్కలు పోయాయేమో చూసి, పోయినవాళ్ళకి ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర ఇచ్చి చూశారు. ముక్కలు పోయినవాళ్ళకే క్యాన్సర్ ఎక్కువ వచ్చింది, మార్కర్ నిజమే చెప్పింది, మాత్ర మాత్రం ఆపలేకపోయింది.

అమ్మకోసం:
మా అమ్మకి తిరగబెట్టినప్పుడు పీడీ-ఎల్1 టెస్ట్ రాశారు, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇవ్వాలా అని తేల్చుకోడానికి. అది జీన్ కాదు, గడ్డ మీది ప్రొటీన్. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కని మైనంలో దాచిన పాత బ్లాక్ మీదే చేశారు, కాబట్టి బ్లాక్ జాగ్రత్తగా ఉంచమనండి, జీన్ టెస్ట్ అయినా అవసరం పడ్డప్పుడు చేయించొచ్చు.

నిద్రపట్టనివాడు:
థాంక్సండీ. రిపోర్ట్ రెండో పేజీ ఇప్పుడే చూశా, పెరిన్యూరల్ ఇన్వేజన్ ప్రెజెంట్ అని ఉంది. ఇదేంటి?

స్లైడ్_మాస్టారు:
అయ్యో, అది ముందు చెప్పాల్సింది. క్యాన్సర్ నరాల చుట్టూ పాకిందని అర్థం. భయపడకండి, కానీ రేడియేషన్ కావాలా అని తేల్చడంలో దానికి లెక్కుంది, ఇచ్చేట్టయితే ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలని చూస్తారు. మీకు మూడు అయిపోయాయి. ల్యాబ్ వాళ్ళకి తర్వాత ఫోన్ చేయొచ్చు, రేపు పొద్దున్నే రెండో పేజీ పట్టుకుని రేడియేషన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.