ఓటింగ్ లేకుండా బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపే అధికారం మండలి చైర్మన్‌కు ఉండాలా?

గవర్నర్‌పేట
2020 జనవరి 22న వెలగపూడిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసన మండలి చైర్మన్ షరీఫ్ గారు మండలి నియమావళిలోని 154వ నిబంధన కింద విచక్షణాధికారం వాడి, మూడు రాజధానుల బిల్లునూ సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లునూ సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును క్లాజుల వారీగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపారు. రాజధాని ఎక్కడన్నది పక్కన పెడదాం. నా అభ్యంతరమల్లా పద్ధతి మీదే. సభ్యుడు నోటీసు ఇవ్వాలి, తీర్మానం పెట్టాలి, సభ ఒప్పుకోవాలి. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి మొదట ఓటే లేదు, ఓట్లు సరిసమానమైతేనే కాస్టింగ్ ఓటు. అలాంటప్పుడు సభ తేల్చాల్సింది ఆయన ఒక్కరే ఎలా తేలుస్తారు?

బ్రాడీపేట 4వ లైను
గవర్నర్‌పేట గారూ, ఆ రోజు మండలిలో బలం ప్రతిపక్షానిదే. ఓటింగ్ పెట్టినా ఫలితం అదే వచ్చేది. పైగా మండలి చేతిలో ఉన్నది ఆలస్యం చేసే అధికారం ఒక్కటే. 197వ అధికరణం చూడండి: మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ రెండోసారి పంపితే ఒక నెల. ద్రవ్య బిల్లుకైతే 14 రోజులు. పార్లమెంటులోలా ఉమ్మడి సమావేశం రాష్ట్రాల్లో లేదు, చివరి మాట అసెంబ్లీదే. ఆ కాస్త వ్యవధినీ చైర్మన్ కాపాడకపోతే మండలి ఎందుకు?

కొత్తపేట, గుంటూరు
ఫలితం అదే అయినప్పుడు ఓటింగ్ ఇంకా అవసరమండీ. తర్వాత జరిగింది చూడండి. ప్రకటనతోనే కమిటీ పుట్టదు. సభ్యుల సంఖ్య తేలాలి, పార్టీలు పేర్లు ఇవ్వాలి, కార్యదర్శి బులెటిన్ ఇవ్వాలి. నిబంధనలకు విరుద్ధమంటూ కార్యదర్శి ఫైలు తిప్పి పంపారు, కమిటీ ఏర్పడనే లేదు. సభ ఓటు వేసి ఆమోదించిన తీర్మానమైతే ఆ మాట అనడానికి ఆయనకు ఆధారమే ఉండేది కాదు. కమిటీ లేకపోయినా గడువు ఆగదు, బిల్లు మండలి ముందుకు వచ్చిన రోజు నుంచే లెక్క. జూన్ 16న అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది, మర్నాడు మండలి బిల్లులు చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది. నెల గడిచింది. జూలై 31న గవర్నర్ సంతకం. ఆరు నెలలు దొరికాయి, కానీ ఒక్క క్లాజు మీదైనా కమిటీ కూర్చోలేదు. నాకు బాధ అక్కడే.

పటమట
అసలు చిక్కు ఇంకోటుంది. రాజ్యసభ చైర్మన్ ఉపరాష్ట్రపతి, ఆయన ఆ సభలో సభ్యుడే కాడు. మన చైర్మన్ పార్టీ టికెట్ మీద వచ్చిన ఎమ్మెల్సీ. ఆయన ఒంటరిగా ఏ రూలింగ్ ఇచ్చినా పార్టీ కోసమే అంటారు. రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు 5వ పేరా ప్రకారం, చైర్మన్‌గా ఎన్నికయ్యాక పార్టీకి రాజీనామా చేసినా అనర్హత రాదు, కానీ అది తప్పనిసరి కాదు. 1967లో లోక్‌సభ స్పీకరైన నీలం సంజీవరెడ్డి గారు చేశారు. ఎంతమంది ఆ దారిలో నడిచారు?

బ్రాడీపేట 4వ లైను
చైర్మన్ తప్పు చేస్తే సభకు దారి ఉందిగా. 14 రోజుల నోటీసుతో తొలగింపు తీర్మానం పెట్టొచ్చు. అప్పటి మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి, 58 మందీ ఉంటే 30. ఆ చర్చ నడిచేటప్పుడు ఆయన అధ్యక్షత వహించకూడదు.

గవర్నర్‌పేట
ఆ 30 మంది ఆయన వైపే ఉంటే? కోర్టుకు వెళ్దామన్నా, సభా విధానంలో లోపమన్న కారణంతో అడగడానికి 212వ అధికరణం అడ్డు. అందుకే ముందే కట్టుబాటు ఉండాలి. అప్పుడు ఐదు రోజులకే, జనవరి 27న మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ 133 ఓట్లతో తీర్మానించింది. దాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు కాబట్టి సభ నిలిచింది.

కొత్తపేట, గుంటూరు
నిబంధన ఇలా మారిస్తే చాలు. ఒక్క సభ్యుడు డివిజన్ అడిగినా ఓటింగ్ పెట్టాలి. సభ్యుల సంఖ్య, నివేదిక గడువు తీర్మానంలోనే ఉండాలి, ఆ గడువు మూడు నెలల లోపే. పార్టీలు ఏడు రోజుల్లో పేర్లు ఇవ్వాలి.

పటమట
అధికార పక్షం పేర్లు ఇవ్వకపోతే?

కొత్తపేట, గుంటూరు
ఇచ్చినవాళ్లతోనే కూర్చోవాలి. కోరం (సమావేశానికి కావాల్సిన కనీస హాజరు) కూడా నియమితులైన వారి సంఖ్య మీదే లెక్కకట్టాలి, ఖాళీ కుర్చీల మీద కాదు.