రొయ్యల గుంటల దగ్గరి బోర్డులకి పైథాన్ స్క్రిప్ట్‌తో ఎస్‌ఎస్‌హెచ్: చేత్తో నడిపితే వస్తోంది, క్రాన్‌లో రావడం లేదు

విడవలూరు గట్టు అడిగిన ప్రశ్న (ఫోరంలోది; కింద ఎవరి మాటలు వాళ్ల పేరు కింద ఉన్నాయి)

విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో ఆరు చోట్ల మోటారు షెడ్డుల్లో ఒక్కో రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు (చిన్న కంప్యూటర్) ఉంది. గుంటలో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), ఉష్ణోగ్రత, పీహెచ్ 5 నిమిషాలకోసారి ఒక సీఎస్‌వీ ఫైల్లో ఒక వరుసగా పడతాయి. నెట్ 4జీ డాంగిల్‌ది, పబ్లిక్ ఐపీ లేదు. అందుకని ప్రతి బోర్డూ అద్దె సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద రివర్స్ టన్నెల్ వేసుకుంటుంది, అంటే సర్వర్‌లోని ఒక పోర్టు నుంచి బోర్డులోకి వెనక్కి దారి, 2201 నుంచి 2206 దాకా పోర్టులు. టన్నెల్‌ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) నడుపుతుంది. పోర్టు దొరకకపోతే ముగిసిపోయేలా ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ ఎస్ అని, ముగిస్తే మళ్లీ మొదలయ్యేలా రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టాను.

సర్వర్ ఉబుంటు 22.04. రాత్రి 2 గంటలకి క్రాన్‌లో (వేళకి పనులు తనే నడిపేది) పారామికో (పైథాన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీ) స్క్రిప్ట్ నడిచి, ఎగ్జెక్_కమాండ్‌తో బోర్డులో ఆ ఫైల్‌ని క్యాట్ చేస్తుంది, అంటే మొత్తం పంపిస్తుంది. రెసీవ్_ఎగ్జిట్_స్టేటస్ సున్నా (కమాండ్ సరిగ్గా ముగిసింది అని) వచ్చాక ఎస్‌టీడీఔట్ (కమాండ్ పంపినది) చదివి దాచుకుంటుంది. హోస్ట్ కీ (అవతలి కంప్యూటర్ గుర్తింపు) పాలసీ ఆటోయాడ్, అంటే తెలియని కీ వచ్చినా ఒప్పుకునేది. పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లోనే రాసి ఉంది.

ఇబ్బందులు ఇవి. గత పంట మొత్తం బాగా నడిచింది. ఈ పంటకి సీడు వదిలిన కొన్నాళ్ల నుంచి స్క్రిప్ట్ ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా తెల్లారేదాకా అట్లే నిలబడిపోతోంది. ఫైల్ ఇప్పుడు 2.3 ఎంబీ ఉంది. రెండోది, షెడ్డులో కరెంటు పోయి వస్తే బోర్డు లేస్తుంది గానీ టన్నెల్ కలవడానికి రెండుంబావు గంటలు పడుతోంది. మూడోది, పాస్‌వర్డ్ తీసేసి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య మాట) ఉన్న కీ పెట్టి చూశాను. చేత్తో నడిపితే వచ్చింది, క్రాన్‌లో ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అంది. మళ్లీ పాస్‌వర్డ్‌కే వచ్చేశాను. ఆటోయాడ్ వాడొద్దని అందరూ అంటున్నారు, నిజంగా అంత ప్రమాదమా?

ఒంగోలు టెర్మినల్

ఇవి మూడు వేర్వేరు జబ్బులన్నా, ఒకదానికొకటి సంబంధం లేదు. ముందు నిలబడిపోయే సంగతి చూద్దాం, దానికి లెక్క కుదురుతోంది.

పారామికోలో ఒక ఛానెల్‌కి ఇచ్చే విండో 20,97,152 బైట్లు, అంటే 2 ఎంబీ. అవతలివైపు అంత పంపాక, ఇవతల మీరు చదివి ఖాళీ చేసేదాకా ఇంకేమీ పంపదు. మీ స్క్రిప్ట్ చదవకుండా ముందు ఎగ్జిట్ స్టేటస్ కోసం కూర్చుంటోంది. అవతల క్యాట్ పూర్తిగా పంపితే తప్ప ముగియదు. మీరు దాని కోసం, అది మీ కోసం. 5 నిమిషాలకో వరుస అంటే రోజుకి 288. వరుస 60 బైట్లనుకున్నా రోజుకి 17 కేబీ, 2 ఎంబీ నిండడానికి 120 రోజుల పైచిలుకు. ఒక పంట కాలమే అది. అందుకే మొదటి పంటకి ఏమీ తెలియలేదు.

క్రమం మార్చండి. ముందు ఎస్‌టీడీఔట్ చివరిదాకా చదవాలి, ఆ తర్వాతే రెసీవ్_ఎగ్జిట్_స్టేటస్. ఎగ్జెక్_కమాండ్‌కి టైమ్‌అవుట్ ఇచ్చినా అది చదవడానికే పనిచేస్తుంది. రెసీవ్_ఎగ్జిట్_స్టేటస్ దాన్ని పట్టించుకోదు, ఎంతసేపైనా కూర్చుంటుంది. ఇంకా మంచిది, క్యాట్ మానేసి ఓపెన్_ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు తెచ్చే పద్ధతి) పెట్టి గెట్ చేయండి. బోర్డులో రోజుకో ఫైల్ చేసుకుని నిన్నటిది మాత్రం తెచ్చుకుంటే ఏ రోజూ 17 కేబీ దాటదు, సగం రాసిన ఫైల్ చేతికొచ్చే గొడవా ఉండదు.

ఇక రెండుంబావు గంటలు. కరెంటు పోయినప్పుడు బోర్డు సర్వర్‌కి చెప్పి పోదు కదా. సర్వర్‌లో పాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు) సెషన్ బతికే ఉందనుకుని 2201 పోర్టుని పట్టుకుని కూర్చుంటుంది. బోర్డు లేచి మళ్లీ అడిగితే పోర్టు ఖాళీ లేదంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీలో క్లయింట్‌అలైవ్‌ఇంటర్వల్ మామూలుగా 0, అంటే అది తనంతట అడగదు. మిగిలింది లినక్స్ టీసీపీ కీప్‌అలైవ్. అది 7200 సెకన్లు ఆగి, ఆ తర్వాత 75 సెకన్లకోసారి 9 సార్లు తట్టి చూసి వదిలేస్తుంది. మొత్తం 2 గంటల 11 నిమిషాలు, మీరు చెప్పింది దాదాపు అదే.

సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో క్లయింట్‌అలైవ్‌ఇంటర్వల్ 30, క్లయింట్‌అలైవ్‌కౌంట్‌మ్యాక్స్ 3 పెట్టండి. ఒకటిన్నర నిమిషంలో పోర్టు వదులుతుంది. బోర్డు వైపు సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 15, కౌంట్ 3, సిస్టమ్‌డీలో రీస్టార్ట్‌సెక్ (మళ్లీ మొదలుపెట్టే ముందు ఆగే సెకన్లు) 10. రీస్టార్ట్‌సెక్ ఇవ్వక, 10 సెకన్లలోనే 5 సార్లు మొదలై పడిపోతే సిస్టమ్‌డీ ఆ సర్వీసునే ఆపేస్తుంది, అప్పుడు రెండు గంటలు కాదు, ఎప్పటికీ రాదు.

పారామికోలో సెట్_కీప్‌అలైవ్ పెడితే సరిపోతుంది కదా అనుకోవద్దు. మీ స్క్రిప్ట్ కలిసేది 127.0.0.1 లోని పోర్టుకి, అది ఎప్పుడూ జవాబిస్తూనే ఉంటుంది. బోర్డు చచ్చిందని స్క్రిప్ట్‌కి తెలిసేది సర్వర్ ఆ టన్నెల్‌ని తెంపినప్పుడే. కనెక్ట్ టైమ్‌అవుట్ కూడా అంతే, లోకల్ పోర్టుకి వెంటనే కలుస్తుంది. ఇక్కడ పనికొచ్చేది బ్యానర్_టైమ్‌అవుట్ (అవతలి ఎస్‌ఎస్‌హెచ్ మొదటి పలకరింపు కోసం ఆగే సమయం). అది మామూలుగా 15 సెకన్లు, సిగ్నల్ పలచగా ఉండే చోట 60 చేయండి. ఎర్రర్ రీడింగ్ ఎస్‌ఎస్‌హెచ్ ప్రోటోకాల్ బ్యానర్ అని వచ్చేవి చాలావరకు పోతాయి.

ఒక్క మాట, అడక్కపోయినా చెబుతున్నాను. డీఓ అలారం ఈ దారి మీద పెట్టకండి. డీఓ బాగా పడేది తెల్లవారుజామునే, ఆ వేళకి టన్నెల్ ఉంటుందన్న భరోసా లేదు. ఏరేటర్ వేయించే అలారం బోర్డులోనే ఉండాలి.

పెన్నా ఒడ్డు

ఆటోయాడ్ గురించి. ప్రమాదం మీ స్క్రిప్ట్‌లో మామూలు కంటే ఎక్కువ. లోడ్_హోస్ట్_కీస్‌కి ఫైల్ పేరు ఇచ్చి పిలిస్తేనే ఆటోయాడ్ నేర్చుకున్న కీని ఫైల్లో రాస్తుంది. పిలవకపోతే ప్రతి రాత్రీ ఖాళీ పుస్తకంతో మొదలై, ఎదురుగా ఎవరున్నా సరే అంటుంది. నిన్నటి కీ మారిందని చెప్పే అవకాశమే లేదు. పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతున్నారు కాబట్టి ఆ ఎదుటివాడి చేతికి పాస్‌వర్డ్ నేరుగా వెళ్తుంది. కీతో లాగిన్ అయితే కీ వాడి చేతికి పోదు, సంతకం ఆ ఒక్క సెషన్‌కే చెల్లుతుంది. అయినా దొంగ లెక్కలు మాత్రం పంపగలడు.

చేయాల్సింది: షెడ్డులో బోర్డుకి మానిటర్ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌ని మైనస్ ఎల్‌ఎఫ్‌తో ఈటీసీ, ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లోని ఈడీ25519 పబ్లిక్ హోస్ట్ కీ మీద నడపండి. కీ ఫింగర్‌ప్రింట్ (కీకి గుర్తు) షా256 అని మొదలై, దాని తర్వాత 43 అక్షరాలు వస్తాయి. ఫోటో తీసుకోండి. సర్వర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్ చేసి వచ్చిన కీకి అదే ఫింగర్‌ప్రింట్ వస్తేనే నోన్_హోస్ట్స్ (తెలిసిన హోస్ట్ కీల ఫైల్)లో వేయండి. కీస్కాన్ ఒక్కటే చేసి వేస్తే ఆటోయాడ్‌కీ దానికీ తేడా లేదు, అది దేన్నీ సరిచూడదు. మామూలు 22 పోర్టు కాదు కాబట్టి ఆ ఫైల్లో పేరు చదరపు బ్రాకెట్లలో 127.0.0.1, కోలన్, 2201 అని ఉండాలి. స్క్రిప్ట్‌లో లోకల్‌హోస్ట్ అని రాసి ఫైల్లో 127.0.0.1 ఉంటే దొరకదు, రెండు చోట్లా ఒకే పేరు రాయండి. ఆ తర్వాత లోడ్_సిస్టమ్_హోస్ట్_కీస్ పిలిచి, పాలసీ వరుస తీసేయండి. ఏమీ ఇవ్వకపోతే పారామికో రిజెక్ట్‌పాలసీనే (తెలియని కీ వస్తే కాదనేది) వాడుతుంది.

క్రాన్‌లో కీ పనిచేయకపోవడానికి కారణం ఏజెంట్. మీరు లాగిన్ అయిన టెర్మినల్‌లో ఏజెంట్ పాస్‌ఫ్రేజ్ గుర్తుపెట్టుకుని ఉంది, క్రాన్‌కి ఆ ఏజెంట్ సాకెట్ కనపడదు. మనిషి లేని చోట పాస్‌ఫ్రేజ్ అడిగే కీ నడవదు. ఈ పనికి మాత్రమే, పాస్‌ఫ్రేజ్ లేకుండా ఇంకో ఈడీ25519 కీ చేయండి. సర్వర్‌లో దానికి వేరే యూజర్‌ని పెట్టి, ఫైల్ 600, ఫోల్డర్ 700 చేయండి. కనెక్ట్‌లో కీ_ఫైల్‌నేమ్ పూర్తి దారితో ఇచ్చి, అలౌ_ఏజెంట్, లుక్_ఫర్_కీస్ రెండూ ఫాల్స్ చేయండి. లేకపోతే ఉన్న కీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ 6 సార్లు చూసి తలుపేస్తుంది.

పాస్‌ఫ్రేజ్ లేదు కాబట్టి ఆ కీ చేయగలిగే పనిని బిగించాలి. బోర్డులోని ఆథరైజ్డ్_కీస్‌లో (ఏ కీలతో లాగిన్ అవ్వొచ్చో రాసే ఫైల్) ఆ కీ ముందు రిస్ట్రిక్ట్ అని, ఫ్రమ్‌లో 127.0.0.1, రెండు కోలన్లు 1 అని, కమాండ్‌లో ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ మైనస్ ఆర్ అని రాయండి. టన్నెల్ ద్వారా వచ్చేది బోర్డుకి తన నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే ఆ ఫ్రమ్ విలువ. మైనస్ ఆర్ అంటే చదవడమే, రాయడం లేదు. రిస్ట్రిక్ట్ ఒక్కటే రాసి ఊరుకోవద్దు. అది ఫార్వర్డింగ్‌ని, టెర్మినల్‌ని ఆపుతుంది గానీ కమాండ్‌లు నడపడాన్ని ఆపదు.

ఇదంతా పనిచేశాక పాస్‌వర్డ్ లాగిన్ మూసేయండి. ఉబుంటులో ఇక్కడే చాలామంది మోసపోతారు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదట కనపడిన విలువనే తీసుకుంటుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్ని చేర్చే వరుస ప్రధాన ఫైల్లో పైనే ఉంటుంది. అద్దె సర్వర్లలో అక్కడ క్లౌడ్-ఇనిట్ పెట్టిన 50 నంబరు ఫైల్లో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ ఎస్ అని ఉండొచ్చు. కింద మీరు నో అని రాసినా లెక్కలోకి రాదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ పెద్ద టీ నడిపి చివరికి ఏ విలువ నిలిచిందో చూడండి. సర్వీస్ రీస్టార్ట్ చేసేటప్పుడు ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి. స్క్రిప్ట్ గిట్‌లో ఉంటే పాత కమిట్లలో ఆ పాస్‌వర్డ్ ఇంకా ఉంటుంది, వరుస తీసేస్తే పోదు. పాస్‌వర్డే మార్చాలి.

కొత్తపట్నం కెరటం

నాదొక వేరే మాట. టన్నెల్ ఎందుకు అసలు? బోర్డే రోజుకోసారి సర్వర్‌కి ఎస్‌ఎఫ్‌టీపీతో ఫైల్ పంపేస్తే పోర్టులు పట్టుకునే గొడవ లేదు. సర్వర్‌లో బోర్డుకో యూజర్, ఫోర్స్‌కమాండ్ ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ, క్రూట్‌డైరెక్టరీ (యూజర్‌ని ఒక ఫోల్డర్లోనే ఉంచేది). క్రూట్ ఫోల్డర్ రూట్‌దే అయి ఉండాలి, వేరేవాళ్లకి రాసే హక్కు ఉండకూడదు. లేకపోతే లాగిన్ అయిన వెంటనే తెగిపోతుంది, కారణం సర్వర్ లాగ్‌లో మాత్రమే కనపడుతుంది. దాని లోపల బోర్డు రాసుకోవడానికి ఇంకో ఫోల్డర్ ఇవ్వాలి. ఫైల్‌ని డాట్ పార్ట్ పేరుతో పంపి, పూర్తయ్యాక పేరు మార్చాలి. నెట్ మధ్యలో పోయినా సగం ఫైల్ లెక్కలోకి రాదు.

లేదంటే వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) పెట్టండి, పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్ 25 ఇస్తే 4జీ వెనకనుంచి కూడా నిలబడుతుంది.

ఒంగోలు టెర్మినల్

పంపించే పద్ధతి నాకూ నచ్చింది, లెక్కల వరకు అదే పెట్టండి. సెన్సర్ సెట్టింగ్ మార్చడానికి లోపలికి వెళ్లాలి కదా, దానికి టన్నెల్ ఉంచుకోవచ్చు.

వైర్‌గార్డ్‌కి మాత్రం ఒక చిక్కు ఉంది. పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి లేచాక, ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చేది) అందేదాకా టైమ్ వెనకబడి ఉంటుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైమ్‌స్టాంప్ ఉంటుంది, ముందు చూసినదానికంటే పాతదైతే సర్వర్ మాట్లాడకుండా పారేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఎన్‌టీపీ వైర్‌గార్డ్ లోపలినుంచే వెళ్లేలా పెడితే టైమ్ రాదు, టన్నెలూ రాదు. అలౌడ్‌ఐపీస్‌లో (ఏ చిరునామాలు వైర్‌గార్డ్ గుండా పోవాలో రాసేది) సర్వర్ చిరునామా ఒక్కటే ఇవ్వండి, ఎన్‌టీపీని డాంగిల్ నుంచి నేరుగా పోనివ్వండి. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెడితే ఇంకా నయం. అప్పుడు సీఎస్‌వీలో తేదీలు కూడా తప్పు పడవు.

విడవలూరు గట్టు

చదివే క్రమం మార్చగానే ఆరూ వచ్చేశాయన్నా. క్లయింట్‌అలైవ్ పెట్టి ఒక షెడ్డులో మెయిన్ ఆపి వేయించాను, రెండు నిమిషాల్లోపే టన్నెల్ కలిసింది. ఇప్పుడు ఇంకో సందేహం. ఫింగర్‌ప్రింట్‌లు తీసుకున్నాను, ఆరు బోర్డులకీ అక్షరం తేడా లేకుండా ఒకటే వచ్చింది. నేను చూడటంలో తప్పా?

పెన్నా ఒడ్డు

మీ తప్పు కాదండీ. ఒక బోర్డు సెటప్ చేసి, దాని ఎస్‌డీ కార్డుని ఇమేజ్ తీసి మిగతా ఐదింటికీ రాసి ఉంటారు. హోస్ట్ కీలు మొదటిసారి ఆన్ చేసినప్పుడే పుడతాయి, ఆ తర్వాత తీసిన ఇమేజ్‌లో అవే కాపీ అవుతాయి. ఇట్లా ఉంటే 2203లో 2205 బోర్డు వచ్చి కూర్చున్నా స్క్రిప్ట్ గుర్తుపట్టలేదు, ఒకరి గుంట లెక్క ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ఒక్కో బోర్డులో ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్ అని మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ మైనస్ పెద్ద ఏ నడిపి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. నడుస్తున్న సెషన్ తెగదు. కొత్త ఫింగర్‌ప్రింట్ షెడ్డులో మానిటర్ మీదే చూసి, నోన్_హోస్ట్స్‌లో ఆ పోర్టు పాత వరుస తీసి కొత్తది వేయండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. ఇమేజ్ కాపీ అయిందంటే టన్నెల్‌కి వాడే ప్రైవేట్ కీ కూడా ఆరింటిలో ఒకటే. షెడ్డులో బోర్డు ఎత్తుకుపోతే ఆరు పోర్టులూ వాడి చేతిలో ఉన్నట్టు. బోర్డుకో కొత్త కీ చేయించండి. సర్వర్‌లో ఒక్కోదానికీ రిస్ట్రిక్ట్, పోర్ట్-ఫార్వర్డింగ్, పర్మిట్‌లిసెన్‌లో దాని పోర్టు ఒక్కటే, కమాండ్‌లో బిన్ ఫాల్స్ అని రాయండి. ఆ యూజర్ మ్యాచ్ బ్లాక్‌లో అలౌటీసీపీఫార్వర్డింగ్ రిమోట్ అని పెట్టండి, అప్పుడు ఆ కీతో సర్వర్ లోపలి మిగతా పోర్టులకి దారి తీసుకోవడం కుదరదు. ఆరు కొత్త కీలూ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాత కీ వరుస తీయండి. ముందే తీస్తే టన్నెల్ తెగి, ప్రతి షెడ్డుకీ మానిటర్ మోసుకుని వెళ్లాల్సి వస్తుంది.