పెద్దయ్యాక పుట్టిన న్యూరాన్ పాతవాటితో ఎలా కలుస్తుంది?

జువాలజీ మాస్టారు: "మెదడు కణాలు మళ్లీ పుట్టవు" అని ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లు చెప్పాను. మొన్న ఒక అమ్మాయి లేచి, "జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోకాంపస్‌లో పుడతాయట కదా సార్" అంది. చదివితే, జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే ఎలుకల్లో చూశాడని తెలిసింది. మరి అంత కిక్కిరిసిన చోట కొత్త కణానికి సందు ఎలా దొరుకుతుంది? ల్యాబ్‌లో చూసినవాళ్లు చెప్పండి.

కాన్‌ఫోకల్ రాత్రులు: నేను నాలుగేళ్లు చిట్టెలుకల మీద ఈ పనే చేశాను సార్. విభజన జరుగుతున్న కణాల్లోకే వెళ్లే రెట్రోవైరస్‌తో మెరిసే ప్రొటీన్ జన్యువు ఎక్కిస్తాం. ఆ రోజు పుట్టిన కణాలే పచ్చగా వెలుగుతాయి. తర్వాత వేర్వేరు రోజులకు మెదడు సెక్షన్లు, అంటే పలుచటి ముక్కలు, తీసి చూస్తాం. మొదటి వారం కణానికి పెద్దగా కొమ్మలుండవు. రెండు వారాలు దాటాక, సుమారు 16వ రోజుకి, డెండ్రైట్ల మీద, అంటే సంకేతాలు అందుకునే కొమ్మల మీద, స్పైన్లు అనే సన్నటి ముళ్లలాంటివి మొలుస్తాయి. మొదటిసారి అవి కనిపించిన రాత్రి నాకు ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

మీరడిగిన సందు సంగతి. చాలా స్పైన్లు, అప్పటికే వేరే న్యూరాన్‌తో సైనాప్స్ (సంకేతం దాటే అతుకు) ఉన్న ఆక్సాన్ (సంకేతం పంపే తీగ) కొస దగ్గరికే వెళ్లి తాకుతాయి. దానికంటే ముందు గాబా అనే రసాయన సంకేతం కొత్త కణాన్ని పలకరిస్తుంది. ముదిరిన న్యూరాన్‌ను అణిచే గాబా, లేతదాన్ని మాత్రం ఉత్తేజపరుస్తుంది, లోపల క్లోరైడ్ ఎక్కువ కాబట్టి.

గుంటూరు అమ్మాయి: అన్నీ బతుకుతాయా అండీ?

కాన్‌ఫోకల్ రాత్రులు: లేదండీ, మొదటి కొన్ని వారాల్లోనే చాలావరకు చనిపోతాయి. రెండు, మూడు వారాల వయసులో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ (కణం మీద సంకేతాన్ని పట్టే ప్రొటీన్) ద్వారా సంకేతాలు అందినవి నిలుస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య వాటి సైనాప్స్‌లు పాతవాటికంటే తేలిగ్గా బలపడతాయి. పరుగు చక్రం పెట్టిన బోనుల స్లైడ్లలో కొత్త కణాలు ఎక్కువగా ఉండేవి.

గుంటూరు అమ్మాయి: మా నాన్నగారికి మతిమరుపు మొదలైంది. రోజూ నడిపిస్తే కొత్తవి పుడతాయా?

కాన్‌ఫోకల్ రాత్రులు: ఆ మాట ఇవ్వలేనమ్మా. మనుషుల్లో పుడతాయని 1998లో ఒక అధ్యయనం చూపించింది. 2018లో పెద్దవాళ్లలో దాదాపు కనిపించలేదని ఒక బృందం, ముసలితనంలోనూ ఉన్నాయని ఇంకో బృందం రాశాయి. ఇంకా తేలలేదు. నడక మాత్రం మానకండి, గుండెకీ బీపీకీ మంచిది. మందుల సంగతి న్యూరాలజిస్టునే అడగండి.

గుంటూరు అమ్మాయి: ఉన్నది ఉన్నట్టు చెప్పారు, థ్యాంక్సండీ. సాయంత్రాలు ఆయన చెయ్యి పట్టుకుని నేనే నడిపిస్తున్నాను.

జువాలజీ మాస్టారు: బాబూ, పిల్లలకు చూపించాలంటే ఏ ఫొటోలు వెతకమంటావు?

కాన్‌ఫోకల్ రాత్రులు: మూడో వారానిది, ఎనిమిదో వారానిది పక్కపక్కన పెట్టండి సార్. స్పైన్ల తేడా చివరి బెంచీకి కూడా కనిపిస్తుంది.