ఎక్స్‌ట్రా అన్నచోటల్లా ‘అదనపు’ సరిపోతుందా?

ఎక్స్‌ట్రాకి తెలుగు ఏమిటని అడిగితే ‘అదనపు’ అని ఠక్కున చెప్పేస్తాం. అదనపు పని, అదనపు రుసుము, అదనపు తరగతులు... వీటితో పేచీ లేదు. ముందే ఒక లెక్క ఉండి, దాని మీద ఇంకొంత చేరితే అది అదనమే. కానీ ‘ఎక్స్‌ట్రా జాగ్రత్తగా ఉండు’ అన్నదాన్ని ‘అదనపు జాగ్రత్తగా ఉండు’ అని రాస్తే చదవలేం. అక్కడ ‘మరింత’ కావాలి, లేదా ‘ఇంకాస్త’. ‘ఎక్స్‌ట్రా పెన్నుందా?’ అనే చోట ‘ఇంకో పెన్నుందా?’ అంటే చాలు.

లాటిన్‌లో ఈ మాటకు అర్థం ‘బయట’, ‘అవతల’. ఇంగ్లీషు సమాసాల్లో ఇప్పటికీ ఆ అర్థమే నడుస్తోంది. ఎక్స్‌ట్రా క్లాస్ అంటే మరో పాఠమే గానీ, ఎక్స్‌ట్రా కరిక్యులర్ అంటే పాఠాలకు బయటి సంగతి, ఆటలూ నాటకాలూ వగైరా. ఇలాంటి చోట మనకు ‘ఇతర’ ఉంది. ఇంగ్లీషు ముందు తగిలించేదాన్ని మనం చివర తగిలిస్తాం: పాఠ్యేతర, వివాహేతర, రాజ్యాంగేతర. ఎంత పొందికైన మాటలో! వీటిని వదిలేసి అన్నిటికీ అదనపు అంటించడం నాకు బాధగా ఉంటుంది.

క్రికెట్‌లో ఎక్స్‌ట్రాలు జట్టుకు దక్కుతాయి, బ్యాటర్ ఖాతాకు బయట ఉంటాయి. వైడ్లు, నోబాల్‌కిచ్చే పరుగు బౌలర్ లెక్కలో పడతాయి. బైలు, లెగ్‌బైలు అందులోకీ రావు. వాటినీ జట్టు స్కోరులో మామూలుగానే కలుపుతారు కాబట్టి ‘అదనపు పరుగులు’ అనడం తప్పు కాదు గానీ, ఎవరి ఖాతాకు బయటో చెప్పకపోతే కొత్తవాళ్లకు సంగతి అందదు.

ఫుట్‌బాల్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. నాకౌట్ మ్యాచ్ సమంగా ముగిస్తే ఆడించే 30 నిమిషాలు ఎక్స్‌ట్రా టైమ్, 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు. దెబ్బలకూ, ఆటగాళ్ల మార్పులకూ పోయిన సమయాన్ని ఒక్కో అర్ధభాగం చివర కలపడం వేరు. రెండింటినీ ‘అదనపు సమయం’ అంటే ఏది ఏదో తెలియదు. నన్నడిగితే మొదటిదాన్ని ఎక్స్‌ట్రా టైమ్ అనే ఉంచి, రెండోదాన్ని ‘కలిపిన సమయం’ అనాలి.

ఇక ‘ఎక్స్‌ట్రాలు మాట్లాడకు’ అనే వాడుక. కొందరి నోట అది ‘ఎగస్ట్రాలు’. ఇక్కడ అర్థం హద్దు దాటడం. ఇంగ్లీషు కుర్రకారు కూడా మితిమీరి ప్రవర్తించేవాళ్లని ‘ఎక్స్‌ట్రా’ అంటున్నారు. దీనికి మనకున్న ‘అతి’ అచ్చంగా సరిపోతుంది. ‘అతి చేయకు’ అంటే ఇంకేం చెప్పనక్కర్లేదు.